అయోనా అని పేరు పెడితే మరీ వింతగా ఉంటుందా?

ప్రశ్న:
ఏడో నెల నడుస్తోంది. అమ్మాయి పుడితే అయోనా అని పెడదామని నేను, వద్దని మా ఆయన. స్కాట్లండ్ పడమటి తీరాన ఐదారు కిలోమీటర్ల పొడవుండే చిన్న దీవి పేరది. అర్థం వెతికితే ఒకచోట గ్రీకులో ఊదాపువ్వు అని, ఇంకోచోట హీబ్రూలో పావురం అని ఉంది. ఏది నిజం? ఎవరైనా పెట్టుకున్నారా?

జవాబు:
వినడానికి బాగుంది. కానీ పిల్లలు "అయ్యోనా" అని ఏడిపిస్తారు, చూసుకోండి.

జవాబు:
మా అమ్మాయి పేరు అదేనండీ, ఇప్పుడు ఆరేళ్లు. ఆ రెండు అర్థాలూ నేనూ చదివాను. అసలు సంగతి ఇంకా తమాషా: ఈ పేరు పుట్టిందే రాత పొరపాటులోంచి. 563లో కొలంబా అనే సన్యాసి ఐర్లండ్ నుంచి వచ్చి ఆ దీవిలో మఠం పెట్టాడు. వందేళ్లు దాటాక అదే మఠానికి పెద్ద అయిన అడమ్నాన్ ఆయన జీవిత చరిత్ర లాటిన్‌లో రాస్తూ దీవిని "ఇయోవా" (Ioua) అన్నాడు. పాత చేతిరాతలో యు, ఎన్ అక్షరాలు ఒకేలా ఉంటాయి. నకలు రాసినవాళ్లు ఒకదాన్ని ఇంకోటనుకుంటే ఇయోవా కాస్తా ఇయోనా (Iona) అయి కూర్చుంది, దాన్నే ఇంగ్లిష్‌లో అయోనా అంటారు. హీబ్రూలో యోనా అంటే పావురమే, లాటిన్‌లో కొలంబా అన్నా పావురమే, అందుకే ఆ కథ అతికినట్టుంటుంది. ఊదాపువ్వుకీ దీవికీ మాత్రం ఏ చుట్టరికమూ లేదు.

స్కాట్లండ్‌లో ఇది బాగా తెలిసిన ఆడపిల్లల పేరే. బయటే వింత.

నన్ను విసిగించింది స్పెల్లింగ్. పెద్ద ఐ, చిన్న ఎల్ అచ్చులో ఒకేలా కనబడతాయి. పాప టీకాల కార్డు మీద "లోనా" అని పడింది. దిద్దించడానికి మూడుసార్లు తిరిగాను. అక్షరం తప్పు చదవడం ఈ పేరుకి పుట్టుకతో వచ్చిన జబ్బేమో! ఇప్పుడు ఏ ఫారమైనా అన్నీ పెద్దక్షరాల్లోనే నింపుతున్నా.

జవాబు:
ఊరి పేర్లు పెట్టడం కొత్తేం కాదు. ఫ్లారెన్స్ నైటింగేల్ 1820లో ఫ్లారెన్స్‌లో పుట్టింది కాబట్టే ఆ పేరు. వాళ్లక్క నేపుల్స్‌లో పుడితే ఆ ఊరి పాత గ్రీకు పేరు పార్థెనోపి పెట్టారు. చెల్లెలి పేరు లోకమంతా పాకింది. అక్క పేరు ఎవరైనా పెట్టగా విన్నారా?

ప్రశ్న అడిగినవారు:
టీకాల కార్డు సంగతి చదివి వినిపిస్తే మా ఆయన "చూశావా" అన్నారు! ఇంతకీ ఇంట్లో ఏమని పిలుస్తారు?

జవాబు:
"అయ్యో" అనే. వాళ్ల నానమ్మ మొదలుపెట్టింది. మేం పూర్తి పేరుతో పిలిస్తే అది పలకదు.