వేడెక్కాక ఆగిపోయే 125 సీసీ స్కూటర్: లోపం సీడీఐదా, పల్సర్ కాయిల్‌దా?

నమస్కారం. నాది విజయనగరం. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2018 మోడల్ 125 సీసీ స్కూటర్, కార్బురేటర్ బండి, 38 వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ చీపురుపల్లి డ్యూటీకి దీని మీదే వెళ్తాను.

పొద్దున్న ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. నెల్లిమర్ల వరకు ఏ ఇబ్బందీ ఉండదు. గుర్ల దాటాక, అంటే అరగంట నడిచాక, ఏ జర్కూ లేకుండా టక్కున ఆగిపోతుంది. సెల్ఫ్ తిరుగుతుంది, కిక్ కొట్టినా అందుకోదు. పావుగంట నీడలో పెడితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. మధ్యాహ్నం ఎండలో అయితే ఇంకా త్వరగా ఆగుతోంది. వెనక లారీలు వస్తుంటే చాలా టెన్షన్‌గా ఉంటోంది.

ప్లగ్, ఎయిర్ ఫిల్టర్ కొత్తవి వేయించాను. కార్బురేటర్ క్లీన్ చేయించాను. ఆగినప్పుడు డ్రెయిన్ స్క్రూ తిప్పి చూస్తే పెట్రోల్ బాగానే వస్తోంది, ట్యాంక్ మూత తీసినా తేడా లేదు. అదే సమయంలో ప్లగ్ ఊడదీసి ఇంజిన్ బాడీకి ఆనించి కిక్ కొట్టిస్తే స్పార్క్ అసలు లేదు. చల్లారాక నీలంగా, గట్టిగా వస్తోంది. కాబట్టి ఇది కరెంటు సమస్యే అని నా నమ్మకం. ఇగ్నిషన్ కాయిల్, ప్లగ్ క్యాప్ స్నేహితుడి బండివి (అదే మోడల్) మార్చి చూశాం, మళ్లీ అక్కడే ఆగింది. సైడ్ స్టాండ్ స్విచ్ ఈ బండికి లేదు.

మెకానిక్ సీడీఐ (ప్లగ్‌కి స్పార్క్ ఇప్పించే ఎలక్ట్రానిక్ బాక్స్) మార్చేద్దాం అంటున్నారు. ఎలక్ట్రికల్ సామాను ఒకసారి కొంటే షాపులో వెనక్కి తీసుకోరు. మ్యాగ్నెట్ పక్కనుండే పల్సర్ కాయిల్ (స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలో సీడీఐకి సిగ్నల్ పంపే చిన్న కాయిల్) వేడికి తెగుతోందేమోనని నా అనుమానం. చల్లగా ఉన్నప్పుడు మల్టీమీటర్‌తో చూస్తే కాయిల్ రీడింగ్ వస్తోంది, వేడి మీద ఇంకా చూడలేదు.

బండి ఆగిన ఆ పావుగంటలో మల్టీమీటర్‌తో ఏ వైర్ల దగ్గర ఏం చూస్తే లోపం సీడీఐదో, పల్సర్ కాయిల్‌దో కచ్చితంగా తెలుస్తుంది?