ఓపీ చీటీల్లో నాలుగేసి మందులుంటే తప్పు రాసినట్టేనా?

ఫార్మ్‌డీ విద్యార్థిని, అనంతపురం
అందరికీ నమస్తే. ప్రాజెక్టు కోసం ఒక ఆసుపత్రిలో మందులు ఎలా రాస్తున్నారో చూస్తున్నాను. ఈ నెలంతా ఫార్మసీ కిటికీ దగ్గర నిలబడి మెడిసిన్ ఓపీ చీటీలు 80 రాసుకున్నాను. చాలావాటిలో నాలుగు మందులున్నాయి, అందులో ఒకటి గ్యాస్ మాత్ర. డబ్ల్యూహెచ్‌ఓ లెక్కలో సగటు రెండు లోపు ఉండాలంటారు కదా, మరి ఇక్కడ తప్పుగా రాస్తున్నారని రాసేయొచ్చా? వార్డు కేస్ షీట్లు కూడా కలిపేయమని ఫ్రెండ్ అంటోంది. గైడ్ సార్‌ని అడగాలంటే టెన్షన్‌గా ఉంది.

ఆసుపత్రి ఫార్మసిస్టు, కర్నూలు
కేస్ షీట్లు కలపొద్దమ్మా. 1993లో డబ్ల్యూహెచ్‌ఓ పెట్టిన ఆ సూచికలు ఓపీకి సంబంధించినవి. చీటీకి సగటున ఎన్ని మందులు, కంపెనీ పేరుతో కాకుండా జెనరిక్ పేరుతో (మందు అసలు పేరుతో) ఎన్ని, యాంటీబయాటిక్ ఎన్ని చీటీల్లో ఉంది, సూదిమందు ఎన్నింటిలో ఉంది, అత్యావశ్యక మందుల జాబితాలోవి ఎన్ని, ఈ ఐదే. మన జాతీయ జాబితా 2022ది తీసుకో, 384 మందులున్నాయి. ఒక్క ఆసుపత్రికైనా కనీసం 100 చీటీలు కావాలి, అవీ ఏడాది మొత్తం మీద నుంచి తీయాలి, ఎందుకంటే వానాకాలం జ్వరాలప్పుడు లెక్క వేరుగా వస్తుంది. అమోక్సిసిలిన్, క్లావులనిక్ యాసిడ్ కలిసిన మాత్ర ఒక్క మందే, టీకా సూదిమందు కింద రాదు, బ్యాక్టీరియాకీ అమీబాకీ రెండింటికీ వాడే మెట్రోనిడజోల్‌ని యాంటీబయాటిక్‌లో వేస్తావో లేదో ముందే రాసిపెట్టుకో. నేను సగంలో మార్చి మొత్తం మళ్ళీ లెక్కపెట్టాను.

డాక్టర్, కడప
తప్పు అని మాత్రం రాయకండి. బీపీ, షుగర్ రెండూ ఉన్న పెద్దాయనకి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, ఆమ్లోడిపిన్, అటోర్వాస్టాటిన్ రాస్తే నాలుగూ అవసరమే కావచ్చు. మామూలు జలుబుతో వచ్చిన పిల్లాడికి పారాసిటమాల్‌తో పాటు అజిత్రోమైసిన్ రాస్తే అవి రెండే, కానీ రెండోది అక్కర్లేదు. అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ డబ్ల్యూహెచ్‌ఓ 'వాచ్' గ్రూపు యాంటీబయాటిక్‌లు, అంటే మందుకు లొంగని బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఎక్కువ కాబట్టి ఆచితూచి వాడాల్సినవి, వాటిని విడిగా లెక్కించండి. గ్యాస్ మాత్ర కూడా అంతే, ముసలివాళ్ళకి కడుపుకి ఇబ్బంది చేసే నొప్పి మాత్ర డైక్లోఫెనాక్ ఇస్తూ పాంటోప్రజోల్ రాస్తే అర్థముంది, ఏ కారణం లేకుండా ప్రతి చీటీలో ఉంటే అది మీ రిపోర్టులో రావాల్సిందే, మా డాక్టర్లు చదవాల్సిందే. జబ్బు పేరు రాసుకున్నారా?

ఫార్మ్‌డీ విద్యార్థిని
లేదు సార్, మందులే రాసుకున్నాను. అయితే ఓపీ రిజిస్టర్ చూడాలి. దానికి లెటర్ ఎవరి పేరుతో పెట్టాలి?

ఆసుపత్రి ఫార్మసిస్టు, కర్నూలు
సూపరింటెండెంట్ గారికి, మీ ప్రిన్సిపాల్ సంతకంతో. ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం జత చెయ్యి. పేషెంట్ పేరు, ఫోన్ నంబరు, డాక్టర్ పేరు ఎక్కడా ఎక్కించొద్దు. గైడ్ సార్‌ని రేపే అడుగమ్మా, ప్రిన్సిపాల్ సంతకం లేకుండా రిజిస్టర్ ఇవ్వరు.