చిన్న పనులకు కారు బదులు సైకిల్: నిజంగా డబ్బు మిగులుతుందా?

గృహస్థు:
మా ఇంట్లో ఒక కారు ఉంది. రెండోది కొనాలా వద్దా అన్న చర్చ కొంతకాలంగా నలుగుతోంది. దూర ప్రయాణాలకు ఉన్న కారు చాలు. ఇబ్బంది అంతా సరుకులు, మందులు, బ్యాంకు పని, గ్రంథాలయం వంటి రెండు కిలోమీటర్ల లోపు పనులతోనే వస్తోంది. ఒకరు కారు తీసుకుని వెళితే మరొకరు ఆగిపోవలసి వస్తుంది. ఈ పనులన్నీ సైకిల్ మీద చేసుకుంటే రెండో కారు అవసరమే ఉండదని నేను అంటున్నాను. సైకిల్ వల్ల మిగిలేది పెట్రోలు చిల్లర మాత్రమేనని ఇంట్లోవారు అంటున్నారు. పర్యావరణం గురించిన మంచి మాటలు ఇప్పటికే చాలా విన్నాం కనుక, ఖర్చు సంగతి మాత్రం తేల్చి చెప్పగలరా?

లెక్కలపద్దు:
గృహస్థు గారూ, మీ ఇంట్లోవారి మాటను తేలిగ్గా తోసిపుచ్చలేం. కారు ఖర్చులో రెండు భాగాలు ఉంటాయి. నడిపినా నడపకపోయినా పడేది ఒకటి: ఏటేటా తరిగిపోయే విలువ, బీమా, పన్ను, అప్పు చేసి కొన్నట్లయితే వడ్డీ. నడిపినంత మేరకే పడేది రెండోది: ఇంధనం, టైర్లు, ఆయిలు, బ్రేకులు. కారును ఇంటి ముందు ఉంచుకుని సైకిల్ తొక్కినంత కాలం తగ్గేది ఈ రెండో భాగమే. మొదటిది చెక్కు చెదరదు.

ఒక ఉజ్జాయింపు లెక్క వేస్తాను. పోను రెండు, రాను రెండు, వెరసి నాలుగు కిలోమీటర్లు. వారానికి అయిదుసార్లు చొప్పున 50 వారాలకు 1000 కిలోమీటర్లు. చిన్న దూరాల్లో కారు లీటరుకు 10 కిలోమీటర్లే ఇస్తుందనుకుంటే ఏడాదికి 100 లీటర్లు. ఇక సమయం సంగతి. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో సైకిల్ మీద రెండు కిలోమీటర్లకు 8 నిమిషాలు పడుతుంది; సగటున 30 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారుకు 4 నిమిషాలు చాలు. పోను రాను 8 నిమిషాల తేడా, 250 సార్లకు 33 గంటల పైచిలుకు. అంటే మీరు వెచ్చించే ప్రతి అదనపు గంటకూ సైకిల్ ఇచ్చే కూలి సుమారు మూడు లీటర్ల ఇంధనం. ఆ కూలి గిట్టుబాటు అవుతుందా లేదా అన్నది మీ గంట విలువను బట్టి ఉంటుంది. సైకిల్ కొనుగోలు, మరమ్మతు ఖర్చులను నేను ఇంకా తీసివేయనేలేదు.

జంటచక్రం:
లెక్కలపద్దు గారూ, ఇంధనం విషయంలో మీరు ఉదారంగానే లెక్క వేశారు, కాని చల్లని ఇంజను చేసే నష్టం ఇంధనంతో ఆగదు. ఇంజను స్టార్ట్ చేసిన మొదటి కొద్ది కిలోమీటర్లలో ఆయిలు చిక్కగా ఉంటుంది, ఇంధనం మోతాదుకు మించి లోపలికి వెళుతుంది. మండగా పుట్టిన నీటి ఆవిరిలో కొంత, పూర్తిగా మండని పెట్రోలు కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి దిగి ఆయిల్లో కలుస్తాయి. బండి అరగంట నడిస్తే ఆ వేడికి అవి చాలావరకు ఎగిరిపోతాయి. రెండు కిలోమీటర్లకే ఆపేస్తే అక్కడే పేరుకుంటాయి. తరచూ చేసే చిన్న ప్రయాణాలను చాలా కార్ల కంపెనీలు తమ యజమాని పుస్తకాల్లో కఠిన వినియోగం కింద చేర్చి, ఆయిలు మరింత త్వరగా మార్చమనడానికి కారణం ఇదే. బ్యాటరీ పరిస్థితీ అంతే: స్టార్టరు లాగేసిన కరెంటును తిరిగి నింపడానికి ఆల్టర్నేటరుకు వ్యవధి దొరకదు. కాబట్టి హైవే మీది 1000 కిలోమీటర్లనూ, వీధుల్లో రెండేసి కిలోమీటర్లుగా తిరిగిన 1000 కిలోమీటర్లనూ ఒకే గాటన కట్టడం సరికాదు.

మీరు చెప్పిన ఆ నాలుగు నిమిషాల్లో గేటు తీసి కారు బయటకు తేవడం, అక్కడ పార్కింగు వెతుక్కోవడం, ఆపిన చోటి నుంచి దుకాణం దాకా నడవడం ఏవీ లేవు. సైకిల్‌ను గుమ్మం పక్కనే ఆపుకోవచ్చు. అలాగే వారానికి అయిదుసార్లు పోను రాను 16 నిమిషాల చొప్పున తొక్కితే 80 నిమిషాలు అవుతుంది. పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థాయి వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందులో సగానికి పైగా సరుకులు తెచ్చుకునే పనిలోనే తీరిపోతుంది. వ్యాయామానికి ఎటూ వేరే సమయం కేటాయించేవారికి ఆ 33 గంటలు నష్టం కింద రావు.

సందేహి:
రెండు లెక్కలూ బాగానే ఉన్నాయి, కాని సరుకుల ఖర్చును ఇద్దరూ వదిలేశారు. పెద్ద ప్యాకెట్లలో కిలో ధర తక్కువ పడుతుందని ఇల్లు నడిపే ఎవరికైనా తెలుసు. సైకిల్ మీద వెళ్లేవారు మోయగలిగినంతే కొంటారు, అంటే చిన్న ప్యాకెట్లు ఎక్కువ ధరకు కొంటారు. ఇంధనంలో మిగిలింది అక్కడ పోతుంది. వానలో బ్రేకు పట్టదు, ఎండలో చెమట, పైగా దొంగల భయం. అన్నిటికన్నా ముఖ్యం ప్రాణం. ఒక్క ప్రమాదం చాలు, పదేళ్ల పొదుపు ఆసుపత్రి పాలవుతుంది. రెండో కారు భారమనుకుంటే మోటారు స్కూటరు కొనుక్కోవచ్చు కదా?

జంటచక్రం:
సందేహి గారూ, స్కూటరు కారుకన్నా చవకే, కాదనను. కాని దానికీ ఇంధనం, బీమా, సర్వీసింగు తప్పవు.

బరువు విషయంలో తరచూ పొరబాటు జరిగేది సామాను ఉంచే చోటులో. సంచిని హ్యాండిల్‌కు తగిలిస్తారు; మలుపు తిరిగినప్పుడల్లా అది ఊగి మోకాలికి కొట్టుకుంటుంది, కాస్త ఎక్కువ ఊగితే ముందు చక్రం ఊచల్లోకి దూరి మనిషిని బోర్లా పడేస్తుంది. అదే బరువును వెనక క్యారియరుకు రెండు పక్కలా, ఇరుసుకు వీలైనంత దగ్గరగా, సమానంగా వేలాడదీస్తే బండి నిలకడగా ఉంటుంది. చాలా క్యారియర్ల మీద 25 కిలోల వరకు అని ముద్రించి ఉంటుంది. వారం సరుకులకు అది సరిపోతుంది. నెలకు ఒకసారి తెచ్చే పెద్ద మూటలకు ఉన్న కారునే వాడుకోండి, దాన్ని ఎవరూ అమ్మేయమనడం లేదు. పైగా, ఎక్కువ రోజులు కదలకుండా ఉన్నా బ్యాటరీ దిగిపోతుంది, ఆ మూటల కోసమైనా దాన్ని కాస్త దూరం తిప్పడం మంచిదే. బుట్టలో చోటు తక్కువైనప్పుడు అనుకోకుండా కొనే వస్తువులు కూడా తగ్గుతాయని నా అభిప్రాయం, అయితే దీన్ని లెక్కలోకి తీసుకోమని పట్టుబట్టను.

ప్రమాదం సంగతికి వస్తే, చిన్న ప్రయాణాలకు కారు మాని సైకిల్ వాడేవారి ఆయుష్షు మీద నెదర్లాండ్స్ పరిశోధకులు 2010లో ఒక అంచనా ప్రచురించారు. వ్యాయామం వల్ల పెరిగే ఆయుష్షు సగటున 3 నుంచి 14 నెలలు. పీల్చే కలుషిత గాలి వల్ల తగ్గేది 0.8 నుంచి 40 రోజులు, రోడ్డు ప్రమాదాల వల్ల తగ్గేది 5 నుంచి 9 రోజులు.

సందేహి:
నెదర్లాండ్స్‌లో సైకిళ్లకు వేరే దారులు ఉంటాయి. లారీల పక్కన తొక్కవలసిన చోట ఆ రోజుల లెక్క నమ్ముకోమంటారా?

జంటచక్రం:
నమ్ముకోవద్దు. లారీలు తిరిగే పెద్ద రోడ్డు తప్ప మరో దారి లేకపోతే నేనే వద్దంటాను. అయితే రెండు కిలోమీటర్ల లోపు పనులకు లోపలి వీధుల గుండా దారి ఉందేమో ముందు ఒకసారి నడిచి చూడాలి. కారులో వెళ్లే దారే సైకిల్‌కూ దారి కానక్కరలేదు.

ప్లగ్గు:
ఒక సవరణ. చల్లని ఇంజను వాదన పెట్రోలు, డీజిలు కార్లకే వర్తిస్తుంది. విద్యుత్తు కారు ఉన్న ఇంట్లో ఆ పొదుపు దాదాపు లేనట్లే. అలాగే ఎత్తుపల్లాలకు భయపడి విద్యుత్తు సైకిల్ కొనేవారు కరెంటు ఖర్చు చూసి మురిసిపోకూడదు. అది నిజంగానే స్వల్పం, కాని కొన్నేళ్లకు బ్యాటరీ మార్చవలసి వచ్చినప్పుడు పడే మొత్తాన్ని మొదటినుంచే నెలవారీగా పంచుకుని వేసుకోవాలి.

లెక్కలపద్దు:
ప్లగ్గు గారి మాటకు తోడు మామూలు సైకిల్ మరమ్మతు గురించి ఒక్కటి చెబుతాను, ఎందుకంటే చిన్న ఖర్చు పెద్దదయ్యేది అక్కడే. అడుగు స్కేలు సున్నాను గొలుసులో ఒక పిన్ను మధ్యకు ఆనిస్తే, కొత్త గొలుసుకు 12 అంగుళాల గీత దగ్గర మరో పిన్ను సరిగ్గా వస్తుంది. అది అంగుళంలో పదహారో వంతు అవతలికి జరిగిందంటే గొలుసు మార్చే వేళ అయిందన్నమాట. అప్పుడే మారిస్తే గొలుసుతో పోతుంది. ఇంకా తొక్కుతూ పోతే పళ్లచక్రాలు కూడా అరిగి, వాటినీ కొనవలసి వస్తుంది.

ఇక అసలు ప్రశ్న. ఉన్న కారు వాడకం తగ్గించడం గురించి నా లెక్క పైన చెప్పినట్లే ఉంటుంది: లాభం స్వల్పం. కాని గృహస్థు గారు అడుగుతున్నది ఇంకా కొనని కారు గురించి. కొనకపోతే ఆ రెండో కారు మొదటి భాగం ఖర్చు మొత్తం, అంటే విలువ తరుగు, బీమా, పన్ను, వడ్డీ అన్నీ, పుట్టకుండానే ఆగిపోతాయి. వాటి పక్కన 100 లీటర్ల ఇంధనం ఏపాటిది? ఇద్దరికీ ఒకేసారి కారు కావలసి వచ్చే రోజులు తప్పకుండా ఉంటాయి. ఆ రోజులకు ట్యాక్సీ పెట్టుకున్నా, ఆ బిల్లులు రెండో కారు మొదటి భాగం ఖర్చు మొత్తానికి చేరువవుతున్నాయా లేదా అన్నది చూసుకుంటే చాలు. చేరువైతే అప్పుడు కారు కొనడంలో అర్థం ఉంది.

గృహస్థు:
అందరికీ ధన్యవాదాలు. ఇంట్లోవారు మీ జవాబులు చదివారు. పెట్రోలు చిల్లర గురించి తాము చెప్పిందే నిజమైందని వారంటున్నారు, దాన్ని నేను ఒప్పుకున్నాను. రెండో కారు సంగతి వేరని వారు ఒప్పుకున్నారు. ఎండ, వాన, చలి అన్నీ చూసేలా ఏడాది పాటు కొనుగోలు వాయిదా వేస్తున్నాం. ట్యాక్సీ బిల్లులు ఒక కవరులో వేస్తాం. లోపలి వీధుల దారిని రేపు నడిచి చూస్తాను. సైకిల్‌కు తాళం వేసేటప్పుడు వెనక చక్రాన్నీ ఫ్రేమునూ కలిపి కదలని కంబానికి వేయాలని విన్నాను. ముందు చక్రానికి వేరే తాళం కూడా అవసరమా?

జంటచక్రం:
ముందు చక్రం చేత్తో తిప్పితే ఊడివచ్చే మీట రకమైతే అవసరం. నట్టు బిగించిన రకమైతే చిన్న పనులకు ఒక్క తాళం చాలు.