బెంగళూరులో టైర్ల వారంటీ ఎవరికైనా దక్కిందా?

సిల్క్‌బోర్డు_బాధితుడు: కారు కొని రెండేళ్లు కాలేదు. ముందు టైర్లు లోపలి అంచున గుండు అయిపోయి తీగలు తేలాయి, బయటి అంచున గీతలు ఇంకా లోతుగానే ఉన్నాయి. షోరూమువాళ్లు టైరు తమ పరిధి కాదన్నారు. టైరు కంపెనీ మనిషి లోతు కొలిచి, ‘తయారీ లోపం లేదు’ అని రాసిచ్చాడు. ఎవరికైనా డబ్బు వచ్చిందా?

అనంతపురం_అబ్బాయి: నాకు వచ్చింది! నాది పైపొర ఊడిన కేసు. మొత్తం ఇవ్వరు, మిగిలిన గీతల లోతును బట్టి కొత్త టైరు ధరలో తగ్గిస్తారు. ఇప్పుడు నైట్రోజన్ పట్టిస్తున్నాను, అరుగుదలే లేదు.

కేఆర్‌పురం_మామయ్య: మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది నాయనా. మిగతా 22 కోసం జేబు ఖాళీ చేసుకుంటున్నారు.

అనంతపురం_అబ్బాయి: మరి విమానాల టైర్లలో ఎందుకు నింపుతారండీ?

కేఆర్‌పురం_మామయ్య: పైన తేమ గడ్డకట్టకూడదని, మంటలు రేగకూడదని. మీరు హోసూరు రోడ్డులో ఎంత ఎత్తున ఎగురుతున్నారో?

అనంతపురం_అబ్బాయి: వయసుకు మర్యాద ఇస్తున్నాను, వెటకారం వద్దు.

వైట్‌ఫీల్డ్_శ్రీమతి: మీ గాలి గొడవ తర్వాత. నాకు కొత్త టైరని పాత సరుకు అంటగట్టారు. టైరు పక్క గోడ మీద డీఓటీ అని మొదలయ్యే కోడులో చివరి నాలుగు అంకెలు చూసుకోండి, తయారైన తేదీ అదే. 2321 అంటే 2021లో 23వ వారం.

జేసీరోడ్డు_పాతకాపు: ఈ పనిలోనే జుట్టు నెరిసింది, వినండి. నడుమ అరిగితే గాలి ఎక్కువ, రెండంచులూ అరిగితే తక్కువ. లోపలి అంచు ఒక్కటే పోయిందంటే చక్రాల కోణం తప్పింది. టైరు కంపెనీ ఎన్నటికీ ఒప్పుకోదు. మీరు నిలదీయాల్సింది షోరూమును. అలైన్‌మెంట్, అంటే ఆ కోణం సరిచేసే పని, చేసినప్పుడు చేయకముందు, చేశాక కొలతల కాగితం ఇచ్చారా?

సిల్క్‌బోర్డు_బాధితుడు: ప్రతి బిల్లులో అలైన్‌మెంట్ డబ్బు వేశారు. కాగితం మాత్రం ఒక్కసారీ ఇవ్వలేదు.

జేసీరోడ్డు_పాతకాపు: దొరికారు! బండి మిషను ఎక్కిందో లేదో ఆ కాగితమే చెబుతుంది. రాతపూర్వకంగా అడగండి. టైర్లు పాత సామానువాడికి అమ్మేయకండి, అవే సాక్ష్యం.

హెబ్బాళ_లాయరు: ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరుండే చోటే వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము లేదు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు.

కేఆర్‌పురం_మామయ్య: లాయరు గారూ, నైట్రోజన్‌కు తీసుకున్న డబ్బు మీదా కేసు వేయవచ్చా?

అనంతపురం_అబ్బాయి: మళ్లీ మొదలుపెట్టారు!