ఎన్‌టీఎస్ ఉత్తేజితమైతే బీపీ తగ్గుతుందేం? ఏడీహెచ్‌తో మెడుల్లాకి పనేంటి?

మైలాపూర్ ఫస్టియర్:
వైవాకి రెండు డౌట్లు. బీపీ పెరిగితే కెరోటిడ్ సైనస్ (మెడ ధమనిలో బీపీని పసిగట్టే చోటు) సంకేతాలు ఎన్‌టీఎస్‌ని (మెడుల్లాలో ఆ కబుర్లు అందుకునే నాడీకణాల గుంపు) ఉత్తేజపరుస్తాయి కదా, మరి బీపీ తగ్గుతుందేం? రెండోది, ఏడీహెచ్ (కిడ్నీ నీళ్ళు వదలకుండా ఆపే హార్మోన్) తయారయ్యేది హైపోథాలమస్‌లో. నీళ్ళ లెక్కలోకి బ్రెయిన్‌స్టెమ్‌లోని మెడుల్లా ఎందుకొచ్చింది? మన కత్తిరి ఎండలకి ముడిపెట్టి చెబితే ఇంకా మంచిది.

వేగస్ వీరుడు:
మెలికంతా మధ్యలో ఉంది. కెరోటిడ్ సైనస్ నుంచి 9వ కపాల నాడి, మహాధమని వంపు నుంచి 10వది (వేగస్) ఎన్‌టీఎస్‌కి కబురు తెస్తాయి. ఎన్‌టీఎస్ గ్లుటమేట్‌తో (ఉత్తేజపరిచే రసాయనం) సీవీఎల్ఎమ్‌ని (మెడుల్లాలోనే ఇంకో కణాల గుంపు) లేపుతుంది. అది గాబా (అణచే రసాయనం) వదిలి ఆర్‌వీఎల్ఎమ్ (మెడుల్లాలోని మరో గుంపు) నోరు నొక్కేస్తుంది. వెన్నుపాములోని సింపథెటిక్ కణాలను (రక్తనాళాలను బిగించేవి) అనుక్షణం తోలేది ఈ ఆర్‌వీఎల్ఎమ్మే కాబట్టి, అది తగ్గితే రక్తనాళాలు వదులవుతాయి. ఇంకో పాయ న్యూక్లియస్ ఆంబిగ్యుస్‌కి (వేగస్ నాడి మొదలయ్యే చోట్లలో ఒకటి) పోయి, వేగస్ మీదుగా గుండెని నెమ్మదింపజేస్తుంది. బొమ్మలో సీవీఎల్ఎమ్ మర్చిపోతే బాణాలన్నీ తలకిందులే. మార్కులు పోయేదీ అక్కడే.

లేచి నిలబడితే ఇదంతా తిరగబడుతుంది. సుమారు 500–700 మి.లీ. రక్తం కాళ్ళలోకి, పొట్టలోకి జారుతుంది. వేగస్ పట్టు వదలడం ఒకటి రెండు గుండె చప్పుళ్ళలో అయిపోతుంది, రక్తనాళాలు బిగియడానికి మాత్రం కొన్ని సెకన్లు కావాలి. కళ్ళు బైర్లు కమ్మేది ఆ సందులోనే.

కెరోటిడ్ కబుర్లు:
రెండోదానికి నేను. ఏడీహెచ్‌ని పిలిచే దారులు రెండు తమ్ముడూ. రక్తం చిక్కబడటాన్ని హైపోథాలమస్ దగ్గరి కణాలే పసిగడతాయి, 1–2 శాతం పెరిగినా చాలు. రక్త పరిమాణం తగ్గిందన్న కబురు మాత్రం కర్ణికల నుంచి, ధమనుల నుంచి ఎన్‌టీఎస్‌కి రావాల్సిందే. అక్కడి నుంచి మెడుల్లాలోని ఏ1 నాడీకణాలు నారడ్రినలిన్‌తో హైపోథాలమస్‌ని తడతాయి. ఇది గట్టిగా పనిచేయాలంటే సుమారు 8–10 శాతం రక్తం తగ్గాలి. మొద్దు దారే, కానీ మొదలైతే మొదటిదాని మాట చెల్లదు. పక్కనే ఏరియా పోస్ట్రీమా ఉంది. దానికి రక్త–మెదడు అడ్డుగోడ లేదు, అందుకే పరిమాణం తగ్గితే రక్తంలో పెరిగే హార్మోన్ యాంజియోటెన్సిన్‌–2ని నేరుగా పసిగడుతుంది.

ఇక ఎండ సంగతి. చెమటలో ఉప్పు రక్తంలో కన్నా తక్కువ, అందుకే ముందు దాహం వేస్తుంది. గంటల తరబడి చెమటోడ్చి ఉత్త క్యాన్ నీళ్ళే తాగితే దాహం తీరుతుంది, పోయిన ఉప్పు రాదు. పరిమాణం బాగా తగ్గి ఉంటే, సోడియం పలచబడుతున్నా ఏడీహెచ్ ఆగదు. కిడ్నీ నీళ్ళు వదలదు, సోడియం ఇంకా పడిపోతుంది. ఓఆర్‌ఎస్ ఇందుకే. లీటరు ప్యాకెట్‌ని లీటరులోనే కలపాలి (సోడియం లీటరుకి 75 మిల్లీమోల్). గ్లాసుడు నీళ్ళలో కలిపితే మరీ చిక్కనై ఎదురు తిరుగుతుంది. గుండె, కిడ్నీ జబ్బులుంటే డాక్టర్ని అడగకుండా వద్దు.

ఓపీ డ్యూటీ:
ప్రాక్టికల్‌కి ఇది కూడా రాసుకో. 5 నిమిషాలు పడుకోబెట్టి బీపీ, నాడి చూడు. నిలబెట్టి 1వ, 3వ నిమిషాల్లో మళ్ళీ చూడు. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్ (నిలబడితే బీపీ పడిపోవడం). బీపీ పడినా నాడి 15 కూడా పెరగకపోతే రిఫ్లెక్స్ దారిలోనే లోపముందేమో చూడాలి, బాగా పెరిగితే నీళ్ళు తగ్గాయేమో. బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు) వాడేవాళ్ళలో ఈ లెక్క నమ్మకు. నిలబెట్టినప్పుడు చెయ్యి వేలాడనివ్వొద్దు. కఫ్ గుండెకి 10 సెం.మీ. కిందుంటే బీపీ 7–8 ఎక్కువ చూపించి, పడిపోయింది కాస్తా కనిపించకుండా పోతుంది.