ప్రాజెక్టు బాగుందో లేదో తేల్చాల్సింది ఊరివాళ్ళ మాటా, ఇంజనీర్ల కొలతలా?

సాగుబాట:
గ్రామాల్లో తాగునీటి కుళాయిలు, లింకు రోడ్లు, పొదుపు సంఘాలు లాంటి పనులు చేసే ఒక సంస్థలో పర్యవేక్షణ చూస్తుంటాను. పని పూర్తయ్యాక ఊరివాళ్ళ ఫీడ్‌బ్యాక్ తీసుకుని, ప్రాజెక్టు ఎంతవరకు నెరవేరిందో రాయడం నా బాధ్యత. దీనిమీద మా ఆఫీసు రెండుగా చీలిపోయింది. ఎవరికోసం చేశామో వాళ్ళే తీర్పు చెప్పాలి, మధ్యలో బయటివాళ్ళ కొలతలెందుకు అని కొందరు. ఊరివాళ్ళ అభిప్రాయం నివేదికలో ఫొటో కింద వేసుకోవడానికి తప్ప మూల్యాంకనానికి పనికిరాదని మిగతావాళ్ళు.

నాకు మింగుడుపడనిది ఒకటుంది. మా ఫారంలో "చాలా సంతృప్తి" నుంచి "చాలా అసంతృప్తి" దాకా అయిదు గడులుంటాయి. ఏ ఊరికి వెళ్ళినా టిక్కులన్నీ మొదటి గడిలోనే పడతాయి. ఫారాలు సర్దుకుని బయటికొస్తే, ఎండిపోయిన కుళాయి దిమ్మె మీద పిల్లలు ఆడుకుంటూ కనిపిస్తారు. ఈ పని చేసినవాళ్ళు, దీని గురించి చదివినవాళ్ళు ఏమంటారు?

తూకంరాయి:
నేను రెండో వర్గంతో ఉన్నాను. ఇండొనేషియాలో బెంజమిన్ ఓల్కెన్ అనే ఆర్థికవేత్త చేసిన పరిశోధన చూడండి. 600కు పైగా గ్రామాల్లో అభివృద్ధి నిధులతో రోడ్లు వేస్తున్నారు. మామూలుగా అక్కడ ప్రభుత్వ ఆడిట్ జరిగే అవకాశం 4 శాతం. కొన్ని ఊళ్ళకు మాత్రం ఆడిట్ ఖాయమని ముందే చెప్పారు. ఇంకొన్ని ఊళ్ళలో లెక్కలు అప్పజెప్పే సభలకు జనాన్ని ఎక్కువగా పిలిచారు, కొన్నిచోట్ల పేరు రాయనక్కర్లేని అభిప్రాయ పత్రాలు కూడా పంచారు. ఆ తర్వాత ఇంజనీర్లు రోడ్డును అక్కడక్కడా తవ్వి, లోపల నిజంగా ఎంత సామాను పడిందో కొలిచారు. ఆడిట్ ఖాయమన్న ఊళ్ళలో లెక్క తేలని ఖర్చు 8 పర్సంటేజీ పాయింట్లు తగ్గింది. జనాన్ని సభలకు పిలవడం వల్ల సగటున చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇది 2007లో అచ్చయింది.

ఆయన అక్కడితో ఆగలేదు. రోడ్డు పనిలో అవినీతి జరిగిందనుకుంటున్నారా అని ఊరివాళ్ళను అడిగి, ఆ జవాబులను తవ్వి తీసిన కొలతల పక్కన పెట్టి చూశారు. 2009లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం జనం మాటలో నిజం ఉంది, కానీ చాలా పలచగా ఉంది. అంత పలచటి సాక్ష్యం మీద కోట్ల రూపాయల పనికి మార్కులు వేస్తామా?

ఊరిగొంతు:
తూకంరాయి గారూ, మీరు చెప్పిన రెండో పరిశోధనలోనే మీకు జవాబుంది. సామాను ధర పెంచి రాసినచోట జనం పసిగట్టగలిగారు. పరిమాణం పెంచి రాసినచోట పట్టుకోలేకపోయారు. అందుకే తినేవాళ్ళు పరిమాణం దగ్గరే ఎక్కువ తిన్నారు. సిమెంటు బస్తా ధర ఇల్లు కట్టుకున్న ప్రతివాళ్ళకీ తెలుసు. రోడ్డు కింద ఎన్ని లారీల కంకర పడిందో పక్కన నిలబడి లెక్కపెట్టే తీరిక ఎవరికుంది? తెలిసినదాని గురించి జనం సరిగ్గా చెప్పారు, తెలిసే వీల్లేనిచోట ఊహించారు. ఏది అడగాలో ఎంచుకోవాల్సిన బాధ్యత అడిగేవాళ్ళదే.

తెలియనిదాన్ని తెలిసేలా చేస్తే ఏమవుతుందో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం చూపించింది. 1994 డిసెంబరు నుంచి వాళ్ళు జరిపిన జన్ సున్వాయీల్లో, అంటే బహిరంగ విచారణల్లో, మస్టర్ రోళ్ళు (కూలీల హాజరు పట్టీలు), బిల్లులు ఊరందరి ముందూ పైకి చదివారు. ఫలానా మనిషి ఇన్ని రోజులు పనిచేసి ఇంత కూలి తీసుకున్నాడని చదివితే, ఆ మనిషి అక్కడే లేచి "నేనసలు ఆ పనికే పోలేదు" అని చెప్పగలడు. ఏ ఇంజనీరు టేపు పెట్టి కొలిచినా బయటపడని సంగతి అది. 2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్‌లో గ్రామసభ సామాజిక తనిఖీ చేయాలని రాసింది ఈ దారిలోనే. దాన్ని ఫీడ్‌బ్యాక్ అనండి, ఆడిట్ అనండి, జనం చేతికి కాగితం ఇచ్చాకే అడిగారు.

ఇక సాగుబాట గారి మొదటి గడి సంగతి. 2012లో అచ్చయిన ఒక అధ్యయనంలో, బెంగళూరులో 450 మందికి ఒకేలాంటి రెండు సాంకేతిక సాధనాలు చూపించి ఏది నచ్చిందని అడిగారు. వాటిలో ఒకటి ప్రశ్న అడుగుతున్న మనిషి తయారుచేసిందే అనిపించేలా చేశారు. దానివైపు మొగ్గే అవకాశం సుమారు రెండున్నర రెట్లు పెరిగింది. అడిగేది విదేశీయులై, పక్కన దుబాసీ కూడా ఉంటే అయిదు రెట్లయింది. మరి కుళాయి వేయించిన సంస్థే, అదే సంస్థ పేరున్న జీపు దిగి, కుళాయి బాగుందా అని అడిగితే ఇంకే జవాబొస్తుంది? ఎదుటివాళ్ళ మొహం మీద బాగోలేదని చెప్పడానికి మనసొప్పదు. పైగా వచ్చే ఏడాది పని పక్క ఊరికి పోతుందన్న భయం ఒకటి.

పలకాబలపం:
నేను ఇంటింటికీ తిరిగి సర్వే చేసే మనిషిని. పరిశోధనల సంగతి మీరు చెప్పారు, ఊళ్ళో జరిగేది నేను చెబుతాను. మేం దిగగానే ఎదురొచ్చేది ప్రాజెక్టు కమిటీ వాళ్ళే. ఏ వీధికి వెళ్ళాలో, ఎవరింట్లో కూర్చోవాలో వాళ్ళే చూపిస్తారు. ఊరి చివర ఇళ్ళదాకా వెళ్తామంటే "అక్కడ ఇప్పుడెవరూ ఉండరు, కూలికి పోయుంటారు" అంటారు. అది నిజమే. అందుకే పొద్దున్నే గానీ, చీకటిపడ్డాక గానీ వెళ్ళాలి. ఆ వేళకి మా జీపు ఉండదు! ఊళ్ళకు వచ్చే బయటివాళ్ళు తారురోడ్డు పక్క ఊళ్ళే చూస్తారని, వానల్లేని కాలంలోనే వస్తారని, మగవాళ్ళతో, పలుకుబడి ఉన్నవాళ్ళతోనే మాట్లాడి వెళ్ళిపోతారని గ్రామీణాభివృద్ధి పరిశోధకుడు రాబర్ట్ ఛాంబర్స్ 1983లోనే రాశారు. ఇప్పటికీ పెద్దగా మారిందేమీ లేదు.

ఒక ఊళ్ళో సమావేశం పెట్టాం. నీళ్ళు రోజూ వస్తున్నాయని ముందు కుర్చీలో కూర్చున్నాయన చెప్పారు, వెనకవాళ్ళు తలూపారు. తర్వాత పక్కవీధిలో ఆడవాళ్ళతో విడిగా మాట్లాడితే, "వస్తాయమ్మా, మేం పొలంలో ఉన్నప్పుడు వస్తాయి" అంది ఒకామె. ఇంటిపట్టున ఉండేవాళ్ళు పట్టుకుంటారు, కూలికెళ్ళేవాళ్ళు సాయంత్రం మళ్ళీ పాత బావికే నడుస్తున్నారు. పైపు సైజూ ఒత్తిడీ అన్నీ ప్లానులో రాసినట్టే ఉన్నాయి. ఇంజనీరు ఇచ్చిన సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆ ఊళ్ళో సగంమందికి నీళ్ళు అందకపోవడం కూడా అంతే నిజం.

తూకంరాయి:
పలకాబలపం గారూ, మీరు చెప్పింది విలువైన సమాచారం, కాదనను. విడిగా అడగాలన్నదీ ఒప్పుకుంటాను. నా అభ్యంతరం తీర్పు దగ్గర. ఉగాండాలో 50 ఆరోగ్య కేంద్రాల పరిధిలో జనం అభిప్రాయాలతో రిపోర్టు కార్డులు తయారుచేసి, జనాన్నీ సిబ్బందినీ కూర్చోబెట్టి మాట్లాడించారు. అయిదేళ్ళలోపు పిల్లల మరణాలు 33 శాతం తగ్గాయని 2009లో ఫలితం వచ్చింది. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. తర్వాత వేరే పరిశోధకులు అదే దేశంలో, అలాంటి కార్యక్రమాన్నే 376 కేంద్రాల్లో పరీక్షించారు. వైద్యం నాణ్యత, రోగుల సంతృప్తి కొంత మెరుగయ్యాయి. పిల్లల మరణాల్లో మాత్రం తేడా కనిపించలేదు. సంతృప్తి ఒక్కదాన్నే కొలిచి ఉంటే ఆ కార్యక్రమం విజయవంతమని రాసేసేవాళ్ళం కదా. పసిపిల్లల ప్రాణాల విషయంలో అంత తేలిగ్గా రాయగలమా?

ఊరిగొంతు:
రాయలేం. ఈ విషయంలో మీతో నాకు పేచీ లేదు. సంతృప్తిని ఫలితంగా లెక్కేయకూడదు. నా మాట వింటే సాగుబాట గారి ఫారంలోంచి ఆ అయిదు గడులూ తీసేయాలి. "బాగుందా" అన్న ప్రశ్నకు మర్యాద తప్ప జవాబు రాదు. నిన్న మీ ఇంట్లో తాగిన నీళ్ళు ఎక్కడివి? ఎవరు మోసుకొచ్చారు? కిందటిసారి చెడిపోతే ఎన్నాళ్ళకు బాగుచేశారు, డబ్బు ఎవరు పెట్టారు? ఈ కుళాయి దగ్గరికి రానివాళ్ళు ఎవరైనా ఉన్నారా, ఎందుకు రారు? ఇవన్నీ ఊరివాళ్ళకు మాత్రమే తెలిసినవి. వీటికి మొహమాటంతో చెప్పే జవాబు ఉండదు, చెప్పినా వెళ్ళి చూడొచ్చు. కంకర లోతు, నీటిలో ఫ్లోరైడు, పిల్లల మరణాల లెక్క లాంటివి ఊరివాళ్ళ అభిప్రాయంతో తేల్చేవి కావు. వాటికి కొలతే కావాలి. అక్కడ నేనూ మీ పక్షమే.

ఎప్పుడు అడుగుతున్నామన్నది ఇంకో పెద్ద సమస్య. ప్రారంభోత్సవమైన వారానికి ఫీడ్‌బ్యాక్ తీసుకుంటే ఏ ప్రాజెక్టయినా బాగానే ఉంటుంది. ఆఫ్రికాలో సహారాకు దక్షిణాన ఉన్న 20 దేశాల చేతిపంపుల లెక్కలు తీస్తే సుమారు 36 శాతం పనిచేయడం లేదని గ్రామీణ నీటి సరఫరా నెట్‌వర్క్ 2009లో చెప్పింది. వాటిలో ఎన్నింటికి మొదట్లో "చాలా సంతృప్తి" రాసిచ్చారో ఊహించుకోండి. బడ్జెట్ అంతా ముగింపు నివేదికకే ఖర్చుచేసి, రెండేళ్ళ తర్వాత వెళ్ళి చూడ్డానికి రూపాయి మిగల్చకపోవడం నన్ను అన్నిటికంటే బాధపెడుతుంది.

సాగుబాట:
ప్రశ్నలు మార్చడం నా చేతిలో పని, మారుస్తాను. టెన్షన్ అంతా పైవాళ్ళతోనే. నిధులిచ్చేవాళ్ళు ఒక్క అంకె అడుగుతారు. "నీళ్ళొస్తాయి, కానీ మేం పొలంలో ఉన్నప్పుడు" అన్న మాటను ఏ గడిలో పెట్టను?

పలకాబలపం:
దానికోసమే ఒక పద్ధతి ఉంది. 1990లలో బంగ్లాదేశ్‌లో ఒక గ్రామీణ రుణ కార్యక్రమం కోసం రిక్ డేవీస్ రూపొందించారు. ముందే అనుకున్న సూచికలేవీ పెట్టరు. ఈ కొన్ని నెలల్లో మీ జీవితంలో వచ్చిన మార్పుల్లో అన్నిటికంటే ముఖ్యమైనది ఏది, ఎందుకు అని అడుగుతారు. వచ్చిన కథల్లోంచి సంస్థలో ఒక్కో మెట్టు మీద కొన్ని ఎంచి, ఎందుకు ఎంచారో కారణం రాసి పైకి పంపుతారు. పైవాళ్ళు ఏ కథ ఎంచుకున్నారో మళ్ళీ కిందికి చెబుతారు. అంకె రాదు, కానీ నిధులిచ్చేవాళ్ళు కూర్చుని చదవాల్సి వస్తుంది.

తూకంరాయి:
ఎంచి పంపితే మంచి కథలే పైకి వెళ్తాయి. ఈ పద్ధతి వాడేట్టయితే చెడు మార్పుకూ తప్పనిసరిగా ఒక చోటు ఉంచండి. లేకపోతే ఇది మళ్ళీ ఫొటో కింద వాక్యమే అవుతుంది. ఎన్ని ఇళ్ళకు వెళ్ళారు, ఎన్ని ఇళ్ళలో ఎవరూ దొరకలేదు, ఏ వీధికి అసలు వెళ్ళలేదు అన్నది కూడా నివేదిక మొదటి పేజీలోనే రాయండి. అది రాయని ఫీడ్‌బ్యాక్‌ను నేను నమ్మను.

ఊరిగొంతు:
ఈ షరతులు రెండూ న్యాయమైనవే. నాదొకటి కలుపుతాను. నిధులిచ్చేవాళ్ళకు పంపేముందు ఆ నివేదికను ఊళ్ళో చదివి వినిపించాలి. ఇన్నేళ్ళుగా జవాబులు పట్టుకెళ్ళినవాళ్ళే తప్ప, మీరిలా చెప్పారు, మేమిది మార్చాం అని తిరిగొచ్చి చెప్పినవాళ్ళు చాలా తక్కువ. చెప్పినా ఏమీ మారదని తెలిశాక ఎవరైనా మొదటి గడిలో టిక్కు పెట్టి పంపించేస్తారు.

సాగుబాట:
చదివి వినిపిస్తే ఊళ్ళో గొడవలవుతాయని మావాళ్ళు అప్పుడే అంటున్నారు. నీళ్ళొచ్చే వేళ మార్చమంటే ఇంటిపట్టున ఉండేవాళ్ళు ఒప్పుకోరట.

పలకాబలపం:
ఒప్పుకోకపోతే ఒప్పుకోలేదనే రాయండి. పొద్దున ఒక గంట, చీకటిపడ్డాక ఒక గంట వదిలితే ఎవరికీ తక్కువ కాదు. పంపు ఆపరేటర్‌ని అడగండి, మోటారు ఎప్పుడు వేయగలడో ఆయనకే తెలుసు. మా సర్వేల్లో ఆయన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.