వాషింగ్ మెషీన్‌లోకి నీళ్లు సన్నగా వస్తున్నాయి, ముందు ఏం చూడాలి?

ప్రశ్న: ఫ్రంట్ లోడ్ మెషీన్. నీళ్లు నిండడానికి చాలాసేపు పడుతోంది, ఒక్కోసారి మధ్యలోనే ఆగి ఎర్రర్ చూపిస్తోంది. కుళాయి పూర్తిగా తిప్పే ఉంది. నీళ్లను లోపలికి వదిలే వాల్వ్ పోయిందేమోనని టెన్షన్‌గా ఉంది. మెకానిక్‌ని పిలిచేముందు నేను చూసుకోగలిగేది ఏమైనా ఉందా?

జవాబు: అప్పుడే వాల్వ్ దాకా వెళ్లకండి. ప్లగ్ తీసి, కుళాయి కట్టేసి, పైపును మెషీన్ వైపు విప్పి ఆ చివర బకెట్‌లో పెట్టి కుళాయి తిప్పండి. ధార అక్కడే సన్నగా ఉంటే తప్పు మెషీన్‌ది కాదు, ప్రెషర్‌దో మడతపడ్డ పైపుదో. జోరుగా వస్తే, పైపు బిగించే చోట లోపల చిన్న జల్లెడ ఉంటుంది, ఇసుకా తుప్పూ చేరి అది మూసుకుపోతుంది. పట్టకారుతో మెల్లగా లాగి పాత టూత్‌బ్రష్‌తో కడగండి, సున్నం పట్టి ఉంటే కాసేపు వెనిగర్‌లో నానబెట్టండి. జల్లెడ లేకుండా మాత్రం నడపొద్దు, ఇసుక వాల్వ్‌లో ఇరుక్కుంటే మెషీన్ ఆపినా నీళ్లు కారుతూనే ఉంటాయి.

జవాబు: కొన్ని పైపులకు కుళాయి వైపు కూడా జల్లెడ ఉంటుంది, అదీ చూడండి. నీళ్లు ట్యాంకు నుంచి వస్తుంటే ఎత్తు ముఖ్యం: చాలా మెషీన్లు కనీసం 0.5 బార్ ప్రెషర్ అడుగుతాయి, అంటే ట్యాంకులో నీళ్లు మెషీన్ కంటే దాదాపు 5 మీటర్ల ఎత్తులో ఉండాలి. మీ మోడల్‌కి ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది.

జవాబు: డ్రెయిన్ పైపు మరీ కిందికి ఉందా? ఉంటే నిండిన నీళ్లు నిండినట్టే బయటికి పోతాయి. ఇవన్నీ బాగుంటేనే వాల్వ్‌ని అనుమానించండి.